కొండచిలువ నోట్లో ఏముంది? తోక చూసి చెప్పాలి

కొండచిలువ దాదాపు ఎప్పుడూ తలవైపు నుంచే మింగుతుంది. జనం కేకలు విని మనం అక్కడికి చేరేసరికి, లేదా ఎవరో తీసిన వీడియో మన ఫోన్‌కి వచ్చేసరికి చెవులు, కొమ్ములు, మూతి, మెడ అన్నీ లోపలికి వెళ్ళిపోయి ఉంటాయి. జంతువును మనం రోజూ గుర్తుపట్టేది వాటిని చూసే. బయట మిగిలేది పిర్రలు, తోక, వెనక కాళ్ళు. అందుకే ఒకే వీడియో కింద ఒకరు జింకపిల్ల అంటారు, ఇంకొకరు మేక అంటారు, మూడో ఆయన కుక్క అని పందెం కడతాడు.

గొర్రెల కాపరికి ఈ ఇబ్బంది లేదు. మంద ముందు నడుస్తుంటే వెనక నుంచి చూసి ఏది ఎవరిదో చెప్పేస్తాడు. మనం నేర్చుకోవాల్సింది కూడా అదే చూపు.

తల నుంచే ఎందుకంటే, కాళ్ళు వెనక్కి మడుచుకుంటాయి, బొచ్చు, ఈకలు, పొలుసులు వాటి వాలులోనే జారతాయి. పిల్లి వీపును తల నుంచి తోకకు నిమిరితే చెయ్యి నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే రేగుతుంది. అదే లెక్క. వేట చచ్చాక చుట్టలు కాస్త సడలించి, నాలుక ఆడిస్తూ శరీరం పొడుగునా తడుముతుంది. ఆ తడుములాట తల వెతకడానికే. ఎలుకలాంటి చిన్న వేట అయితే ఎటు దొరికితే అటు మొదలుపెట్టేస్తుంది, ఇబ్బంది లేదు. పెద్ద జంతువును వెనక నుంచి మొదలుపెడితే మాత్రం కాళ్ళు అడ్డం తిరిగి చాలాసార్లు కక్కి మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది. కాబట్టి చెవులు, కొమ్ములు బయట కనిపిస్తున్నాయంటే మీరు చూస్తున్నది మామూలు సందర్భం కాదు.

మొదట పాదం చూడాలి, తర్వాత తోక, చివర్న రంగు. ఈ వరుస తిరగేస్తే తప్పులు మొదలవుతాయి. పాము లాలాజలంతో, బురదతో తడిసిన బొచ్చు అసలు రంగు కంటే రెండు మూడు ఛాయలు ముదురుగా కనిపిస్తుంది. ఎర్రమట్టి నేలలో తెల్ల మేకపిల్ల కూడా జింక రంగులోకి వచ్చేస్తుంది. పాదం ఆకారం మాత్రం తడిసినా మారదు.

డెక్కలు ఉంటే

రెండుగా చీలిన డెక్క కనిపిస్తే లెక్క మేక, గొర్రె, దుప్పి, జింక, పంది, దూడ దాకా కుదించుకుపోతుంది. గందరగోళమంతా కూడా ఇక్కడే. మన దగ్గర ఎక్కువగా తప్పు చెప్పేది చుక్కల దుప్పి పిల్లకూ గోధుమరంగు గొర్రెపిల్లకూ మధ్య. నెల్లూరు గొర్రెలకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. వాటిలో దొర రకం గోధుమరంగులో ఉంటుంది (పల్ల తెల్లగా, జోడిపి తెలుపు మీద నల్లమచ్చలతో). తడిసిన దొర గొర్రెపిల్ల పిర్రలు ఫోన్ తెర మీద అచ్చం దుప్పిపిల్లే. తేడా తోక చెబుతుంది. దుప్పి తోక పొడుగు, అడుగున తెల్లగా ఉంటుంది, తొడల లోపలి వైపు, పొట్ట కూడా తెలుపే. నెల్లూరు గొర్రె తోక పొట్టిగా, సన్నగా కిందికి వేలాడుతుంది. మేక తోక కూడా పొట్టిదే, కానీ పైకి లేచి, వెడల్పుగా, అడుగున బోడిగా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మేక, గొర్రె తగాదా సగం తీరినట్టే.

చుక్కల విషయంలో ఒక మాట. చుక్కల దుప్పికి పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా తెల్లచుక్కలు పోవు. తడిసినా చుక్కలు మసకబారతాయే కాని మాయం కావు, పక్కటెముకల కిందుగా ఒక వరుసలో గీతలా కలిసి కనిపిస్తాయి. డెక్కలున్న గోధుమరంగు పిల్లకు ఒక్క చుక్కా లేకపోతే చుక్కల దుప్పి అనడం ఆపేయండి. సాంబార్ అని కూడా పిలిచే కణుజు పిల్ల ముదురు గోధుమ రంగులో ఉంటుంది, కాళ్ళు మొద్దుగా, లావుగా ఉంటాయి, తోక వెంట్రుకలు గుబురుగా ఉంటాయి.

నల్లమలలో, అమ్రాబాద్ వైపు ఇంకో చిక్కు ఉంది. మూషిక జింక. పూర్తిగా పెరిగినా 3 కిలోల దగ్గరే. చుక్కలు, చారలు రెండూ ఉంటాయి కాబట్టి చూసినవాళ్ళు ‘అప్పుడే పుట్టిన దుప్పిపిల్ల’ అనేస్తారు. నెహ్రూ జూపార్కు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల ప్రయోగశాల) కలిసి 2010 నుంచి వీటిని పెంచి, 2017 నుంచి అమ్రాబాద్‌లో వదులుతున్నారు. అక్కడ తప్పు గుర్తింపు అంటే పెంచి వదిలిన జంతువు ఒకటి లెక్కలోంచి జారిపోవడం. దీని తోక అంగుళం పైచిలుకు, కాళ్ళు పెన్సిలంత సన్నం. అదే బరువున్న దుప్పిపిల్లకు కాళ్ళు శరీరానికి మించిన పొడుగు, మోకీళ్ళు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి.

అడవిపంది పిల్లకు మొదటి కొన్ని నెలలు వీపు మీద పొడుగు చారలు ఉంటాయి, అడ్డచారలు కాదు. తోక సన్నగా, నిటారుగా, కొసకు చిన్న కుచ్చుతో ఉంటుంది. దాని పక్క డెక్కలు కిందికి దిగి ఉంటాయి. మేకకూ దుప్పికీ అవి కాలి వెనక పైన, చిన్నవిగా ఉంటాయి. దూడకు పొడుగు తోక, కొసకు బాగా కుచ్చు. మనుబోతు దూడకు కూడా కుచ్చు ఉంటుంది కాబట్టి ఊరికి దగ్గరగా దొరికిన దూడ అయితే పలుపు తాడు రాపిడి కోసం మెడ వైపు చూడాలనిపిస్తుంది. మెడ లోపల ఉంది, ఏం చేస్తాం. మేక, గొర్రె అన్న అనుమానం అయితే వెనక భాగం మీద రంగు గుర్తు చూడండి. మందల్లో గొర్రెలకు, మేకలకు వీపు మీద, పిర్ర మీద ఎర్రగానో నీలంగానో రంగు పూస్తారు. అది కనిపిస్తే ఇంక వాదన లేదు.

పంజాలు, గోళ్ళు, చేతులు

మెత్తని పాదం ఉంటే గోళ్ళు చూడండి. కుక్క, నక్క గోళ్ళు మొద్దుగా ఎప్పుడూ బయటే ఉంటాయి. పిల్లి జాతి గోళ్ళు చర్మపు ఒరలో దాగి ఉంటాయి, పాదం గుండ్రంగా కనిపిస్తుంది. పాదం అడుగున మెత్తలే లేకుండా అంతా బొచ్చు ఉంటే అది కుందేలు. దీనికి మారు లేదు. తోక పొట్టిగా, పైన ముదురు, అడుగున తెలుపు. వెనక పాదం శరీరంతో పోలిస్తే బాగా పొడుగు.

తోకల్లో తేడాలు ఇలా పట్టుకోవచ్చు. నక్క తోక గుబురుగా, కొస నల్లగా, మడమ దాకా వస్తుంది. గుంటనక్కకూ నల్లకొసే, కానీ ఒళ్ళు సన్నం, తోక శరీరంలో సగానికి పైగా ఉంటుంది. అడవిపిల్లి తోక పొట్టి, కొస దగ్గర నల్లని కట్లు, కొస నలుపు. ఇంటిపిల్లి తోక అంతకంటే పొడుగు. పునుగుపిల్లికి తోక మొదలు నుంచి కొస దాకా వరసగా కట్లు. మానుపిల్లికి కట్లు ఉండవు, తోక ముదురు రంగులో పొడుగ్గా ఉంటుంది. ముంగిస తోక మొదట్లో లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది. కొస నల్లగా పైకి వంగి ఉంటే ఎర్ర ముంగిస, పాలిపోయి ఉంటే మామూలు బూడిద ముంగిస.

చేతిలాంటి పాదం, చదును గోళ్ళు ఉంటే కోతి లేదా కొండముచ్చు. కొండముచ్చు పాదాలు నల్లగా ఉంటాయి, తోక శరీరం కంటే పొడుగు. కోతుల్లో మన దగ్గర ఉన్న రెండు రకాల మధ్య పాత హద్దు గోదావరి. దక్షిణాన పొడుగు తోక కోతి, ఉత్తరాన పొట్టి తోక కోతి. ఇప్పుడు ఉత్తరపు కోతి గోదావరి దాటి దిగువకు వస్తోంది కాబట్టి ఊరు చూసి రకం చెప్పకండి, తోక చూసి చెప్పండి.

పందికొక్కు తోక పొలుసుల్లా వలయాలతో, వెంట్రుకలు పలచగా ఉంటుంది. ముళ్ళపంది గురించి వేరే చెప్పక్కర్లేదు, నలుపు తెలుపు కట్ల ముళ్ళు ఎవరికైనా తెలుస్తాయి. దాన్ని కొండచిలువ తింటుందా అంటే తింటుంది. 2015లో దక్షిణాఫ్రికాలోని లేక్ ఈలాండ్ అభయారణ్యంలో 3.9 మీటర్ల ఆఫ్రికా కొండచిలువ చచ్చి పడి ఉంటే కోసి చూశారు. లోపల 13.8 కిలోల ముళ్ళపంది, ముళ్ళు పేగులకు గుచ్చుకుని ఉన్నాయి. లోపలికి పోయేటప్పుడు వాలులో పోయిన ముల్లు కక్కేటప్పుడు ఎదురు తిరుగుతుంది. తిన్న పామును కెలకవద్దని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

పక్షి అయితే కాళ్ళ పొలుసులు, వేళ్ళ మధ్య పొర చూడాలి. పొర ఉంటే బాతు, వేళ్ళు బాగా పొడుగైతే కొంగ. నెమలి అయితే కాళ్ళు దొడ్డుగా ఉంటాయి, మగదానికి ముల్లులాంటి కాలిగోరు. పింఛం లేదని నెమలి కాదనుకోవద్దు, ఆడదానికి ఉండదు.

పొలుసుల తోక, అయిదు వేళ్ళు, పొడుగు గోళ్ళు ఉంటే ఉడుము. చెరువుల దగ్గర దీన్ని మొసలిపిల్ల అని పంపుతారు. మొసలి తోక మీద రంపం పళ్ళలా నిలువు పొలుసులు రెండు వరుసలుగా మొదలై కొసకు ఒకటిగా కలుస్తాయి. ఉడుము తోక పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది కానీ అలాంటి రంపం ఉండదు.

మింగేది కొండచిలువేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. ఉత్తరాంధ్ర తూర్పు కనుమల్లో గిరినాగు పామును మింగుతుంటే ‘రెండు పాములు కొట్లాడుకుంటున్నాయి’ అని వార్త రాస్తారు. లోపలికి పోతున్నది జెర్రిపోతు అయితే వెనక సగంలో నల్లని అడ్డగీతలు వలలా కనిపిస్తాయి, తోక పొడుగ్గా సాగుతుంది. కొండచిలువ పిల్ల అయితే తోక పొట్టి, దాని మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్ళు.

ఫోటో ఎలా తీయాలి

ముప్పై అడుగుల లోపలికి పోవద్దు. జూమ్ చేయండి. ఏదో ఒక్క అందమైన ఫోటో కంటే నాలుగు పనికొచ్చేవి కావాలి: వెనక పాదం దగ్గరగా, తోక అడుగుభాగం, పొట్ట లేక తొడ లోపలి రంగు, చివరిగా మొత్తం పాము. పక్కనే ఉన్న రాయి, తాటాకు, పైపులాంటిది ఫ్రేములో ఉంటే తర్వాత వెళ్ళి కొలుచుకోవచ్చు. చెప్పు తీసి పాము పక్కకు విసిరితే కొలత రాదు, పాము కక్కేస్తుంది. గుంపు చేరినా కక్కేస్తుంది. నోట్లో బరువుతో పారిపోలేదు కాబట్టి ముందు బరువు దించుకుంటుంది. కక్కినదాన్ని మళ్ళీ ముట్టకపోవచ్చు. దానికి వారాల తిండి పోయినట్టు, మేక యజమానికి మాత్రం మేక బతికి రాదు.

ఎంత పెద్దది మింగగలదు అన్న ప్రశ్నకు బరువు కంటే చుట్టుకొలత ముఖ్యం. కింది దవడ రెండు ముక్కలు ముందు కలిసిపోయి ఉండవు, మధ్యలో సాగే చర్మం ఉంటుంది. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో పట్టిన బర్మా కొండచిలువలను కొలిస్తే 2024 నాటికి నోరు తెరుచుకునే గరిష్ఠ వ్యాసం 26 సెంటీమీటర్లు, అంటే 81 సెంటీమీటర్ల చుట్టుకొలత. వాటిలో 52 కిలోల ఆడపాము ఒకటి 35 కిలోల దుప్పిని మింగుతూ దొరికింది. మన కొండచిలువ దానికి దగ్గరి చుట్టమే, కానీ మన ఊళ్ళల్లో కనిపించేవి మూడు మీటర్ల అటూ ఇటూ. వాటికి అంత నోరు రాదు. మనిషిని మింగిందని తిరిగే ఫోటోల గురించి ఇక్కడే చెప్పేస్తాను. 2017లో, 2018లో ఇండోనేషియా సులవేసి ప్రాంతంలో నిజంగానే మనుషులను మింగింది. అది రెటిక్యులేటెడ్ పైథాన్ అనే వేరే జాతి, ఇంకా చాలా పొడుగు పెరిగేది. ఆ ఫోటోకి మన జిల్లా పేరు పెట్టి పంపడం వేరే కళ.

ఉబ్బు చూసి చెప్పగలమా?

లేదు. మింగడం అయిపోయాక కనిపించే ఉబ్బు ‘ఎంత’ అన్నది చెబుతుంది, ‘ఏది’ అన్నది చెప్పదు. అసలు తిండేనా అన్నది మాత్రం చూడొచ్చు. తిండి ఉబ్బు శరీరం నడుమ ఒకేచోట, అంచులు స్పష్టంగా ఉంటుంది. గుడ్లతో ఉన్న ఆడపాము వెనక భాగం పొడుగునా నింపుగా లావెక్కుతుంది. మేక పోయిందని అలాంటి పామును కొట్టి కడుపు కోస్తే బయటపడేది గుడ్లు. కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు.

చెట్టుకు చుట్టుకుని లోపలి ఎముకలు విరగ్గొట్టుకుంటుందన్న మాట ఊళ్ళల్లో బాగా చెబుతారు. ఎముకలను కరిగించేది ఆమ్లం. తిన్న ఒక రోజులో కడుపు పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరుగుతుంది) 7 నుంచి 2 దగ్గరికి దిగిపోతుంది. బిగించి చంపడం కూడా ఎముకలు విరిచి కాదు. వేట రక్తప్రసరణ ఆగిపోతుందని, ఇలాగే బిగించి చంపే బోవా పాముల మీద 2015లో కొలిచి చూపించారు. కాబట్టి కక్కిన శవంలో ఎముకలు విరగలేదని ‘ఇది పాము చంపింది కాదు’ అనకూడదు.

కక్కిన శవం సంగతికి వస్తే, తల ముందు పోయింది కాబట్టి ఆమ్లం ముందు తాకేదీ తలనే. రెండు మూడు రోజుల తర్వాత కక్కితే మూతి, చెవులు చితికి ముద్దయి ఉంటాయి, పిర్రలు, తోక, వెనక డెక్కలు మాత్రం చెక్కు చెదరకుండా ఉంటాయి. మళ్ళీ మన పని వెనక భాగంతోనే. శరీరం తాడులా సాగి, బొచ్చు ఒకే వైపుకు అంటుకుని, జిగురుగా ఉంటే అది కక్కిందే. కుక్కలు పీకిన శవానికి ఈ జిగురు ఉండదు, పళ్ళ చింపులు ఉంటాయి.

పెంటలో మిగిలేవి

ఎముక, మాంసం, పళ్ళలో చాలావరకు అరిగిపోతాయి. వెంట్రుకలు, ఈకలు, గోళ్ళు, డెక్కల తొడుగులు, ముళ్ళు అరగవు. 2013లో ఫ్లోరిడాలో దొరికిన ఒక ఆడపాము పేగుల్లో 12 డెక్కలు దొరికాయి, అంటే మూడు దుప్పులు. తల ఒకటీ లేకపోయినా లెక్క తేలింది.

పెంట దొరికితే తెల్లని సున్నంలాంటి ముద్ద పక్కన ముదురు రంగులో వెంట్రుకల తాడు ఉంటుంది. చేతితో ముట్టొద్దు, గ్లౌజులు వేసుకోండి. కాగితం కవర్లో వేసి నీడలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కడితే రెండు రోజుల్లో బూజు పట్టి అన్నీ పోతాయి. తేదీ, చోటు కవరు మీదే పెన్సిలుతో రాయండి, స్కెచ్ పెన్ సిరా చెమ్మకు కరిగిపోతుంది.

పరీక్షకు వెంట్రుకలను గోరువెచ్చని సబ్బునీళ్ళలో రాత్రంతా నానబెట్టి, టీ వడగట్టే జల్లెడ మీద కడిగి, ఆరాక స్పిరిట్‌లో ముంచి తీయండి. మెత్తని లోబొచ్చు పనికిరాదు, గరుకైన పైవెంట్రుకలు కావాలి. ముద్దలో వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఇరవై తీసుకోండి, లేకపోతే పాము రెండు జంతువులు తిన్నప్పుడు ఒకటే దొరుకుతుంది. ముద్ద మధ్యలోవి మంచివి, బయటవాటి పొలుసులు ఆమ్లానికి అరిగి ఉంటాయి. గాజుపలక మీద రంగులేని గోళ్ళ రంగు పలచగా పూసి, కొంచెం ఆరగానే వెంట్రుక ఆనించి, పూర్తిగా ఆరాక లాగేస్తే పొలుసుల ముద్ర మిగులుతుంది. లోపలి గుజ్జు చూడాలంటే ఇంకో వెంట్రుకను గ్లిజరిన్ చుక్కలో పెట్టి 400 రెట్లలో చూడండి.

కుందేలు వెంట్రుకలో గుజ్జు మొక్కజొన్న కంకి మీద గింజల్లా వరసలుగా కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. దుప్పి వెంట్రుక నిండా గుజ్జే, తేనెపట్టులా గదులు గదులుగా. వేళ్ళ మధ్య వంచితే గడ్డిపోచలా మడత పడి విరుగుతుంది. పంది వెంట్రుక లావు, కొస చీలి ఉంటుంది. మనిషి వెంట్రుకలో గుజ్జు సన్నగా, తెగి తెగి, మొత్తం మందంలో మూడో వంతుకు లోపే. పుకారు పుట్టిన ఊళ్ళో ఈ చివరి మాట ఎక్కువ పనికొస్తుంది. మేక, గొర్రె మాత్రం సూక్ష్మదర్శిని కింద కూడా తగాదా తెగనివ్వవు. తెలిసిన మేక, తెలిసిన గొర్రె వెంట్రుకల పలకలు పక్కన పెట్టుకుని పోల్చినా తేలకపోతే డీఎన్‌ఏకే పోవాలి.

అందుకు ఆధారం హైదరాబాద్‌లోనే ఉంది. సీసీఎంబీలో లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ తయారుచేసి 2003లో ప్రచురించిన ప్రైమర్లతో (కావలసిన జన్యుభాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మైటోకాండ్రియా జన్యువులోని చిన్న ముక్క నుంచి వెన్నెముక ఉన్న ఏ జంతువునైనా గుర్తుపట్టొచ్చు. చిక్కు ఎక్కడంటే, ‘ఏ జంతువునైనా’ అన్నప్పుడు అందులో కొండచిలువ కూడా ఉంది. పైపైన గీకి పంపితే ‘కొండచిలువ’ అని జవాబు వస్తుంది. ముద్ద లోపలి నుంచి, కుదుళ్ళు ఉన్న వెంట్రుకలు తీసి, పైన కడిగి, తొంభై అయిదు శాతం ఆల్కహాల్‌లో పంపాలి. ఫార్మలిన్‌లో వేయొద్దు, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. నమూనా పంపడం కూడా అటవీ శాఖ ద్వారానే జరగాలి.

ఇంకో చిన్న సంగతి. పశుసంవర్ధక శాఖ చెవికి వేసే పసుపు ట్యాగు ప్లాస్టిక్‌ది, అదీ అరగదు. చెవి తలతోపాటు మొదట్లోనే లోపలికి పోతుంది కాబట్టి మింగేటప్పుడు ఎవరికీ కనిపించదు. పెంటలో మాత్రం పన్నెండు అంకెలతో సహా బయటికి వస్తుంది.